కొల్లేరు కూడా ఒక అమానతే

మాంసం తెచ్చినప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు మొట్టమొదట అడిగే మాట, "జబహ్ ఎవరు చేశారు?" అని. చేప తెచ్చినప్పుడు ఆ మాట ఎవరూ అడగరు. చేపకు జబహ్ అవసరం లేదని షరీఅత్ మనకు సౌలభ్యం కల్పించింది. ఒకరోజు ఈ విషయమే పాఠం చెబుతుండగా ఓ పిల్లవాడు లేచి, "ఉస్తాద్, అయితే చేపను ఎలా పట్టినా, ఎక్కడ పెంచినా ఫరవాలేదా?" అని అడిగాడు. చేప హలాలేనని వెంటనే చెప్పాను. కాని "ఎలా పట్టినా, ఎక్కడ పెంచినా" అన్న మాటకు అంత తేలికగా బదులివ్వలేకపోయాను. ఆ జవాబు కోసం మనం కొల్లేటి దాకా వెళ్లిరావాలి.

జీవరాశుల నిలయం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరు, మన దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరద నీటిని అది తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా బంగాళాఖాతానికి పంపుతుంది. ఆ నీటిలో కిక్కిస గడ్డి, తామర, కలువ పెరుగుతాయి. గడ్డి దుబ్బులు ఒండ్రును ఆపి నీటిని తేటపరుస్తాయి. వాటి మొదళ్ల మధ్యే కొర్రమీను, ఇంగిలాయి, జెల్ల వంటి చేపల పిల్లలు తలదాచుకుంటాయి. ఆ చేపల కోసం గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. చలికాలంలో వేల మైళ్ల దూరం నుంచి వలస పక్షులు దిగుతాయి. పక్షుల రెట్ట తిరిగి నీటి మొక్కలకు ఎరువవుతుంది. ఇందులో ఏ ఒక్కటీ వృథా సృష్టి కాదు. నేలపై సంచరించే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మనలాంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ బోధించడంలోని పరమార్థం, కొల్లేటి గట్టున ఒక్క పూట నిలబడితే కళ్లకు కట్టినట్లు తెలుస్తుంది.

గట్ల మధ్య చిక్కిన సరస్సు

1970ల నుంచి కొల్లేటిలో చేపల చెరువుల తవ్వకం మొదలైంది. మొదట్లో లంక గ్రామాల పేదలకు జీవనోపాధి కల్పించాలని ప్రభుత్వమే సహకార సంఘాలను ప్రోత్సహించింది. ఉద్దేశం మంచిదే. కాని చెరువుల్లో లాభం కనబడగానే డబ్బున్నవారు లీజుల పేరుతో ప్రవేశించారు. సరస్సు గర్భంలో గట్టు మీద గట్టు లేచింది. కిక్కిస పోయింది. వలవేసి బతికిన మత్స్యకారుడు తన తాతలనాటి నీటిలోనే పరాయివాడయ్యాడు. శీలావతి, బొచ్చె చేపలు ఐసు పెట్టెల్లో బెంగాలుకూ, అస్సాముకూ లారీలకెక్కాయి. చెరువుల్లో వేసే ఎరువులు, మేతలు, మందుల మడ్డితోపాటు పట్టణాల మురుగు, పంటపొలాల రసాయనాలు కూడా ఆ నీటిలోనే కలిశాయి.

1999లో కొల్లేటిలోని 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 1971లో ఇరాన్ దేశంలోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం కింద, 2002లో దానికి ప్రపంచ గుర్తింపు లభించింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో "ఆపరేషన్ కొల్లేరు" పేర చెరువుల గట్లను పగలగొట్టారు. ఆ తర్వాత అనేకచోట్ల గట్లు మళ్లీ లేచాయి. గట్లు కొట్టినప్పుడు ఎక్కువగా బాధపడింది సంఘంలో చిన్న వాటా తప్ప వేరే ఆస్తి లేని పేదవాడే. పెద్దవాడికి మరోచోట భూములున్నాయి, వ్యాపారాలున్నాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి, గండ్లు పడి, విజయవాడలో సింగ్‌నగర్ వంటి పేటలు రోజుల తరబడి నీటిలో నానాయి. ఆ విపత్తుకు కుండపోత వానలు, గండ్లు, ఏటి ఆక్రమణలు కారణాలు. అయితే ఆ ఏటి నీరు చివరకు చేరవలసిన చోటు కొల్లేరే. చేరవలసిన చోట గట్లు అడ్డుపడితే, వరద ఇంకెక్కడికి పోతుంది?

హజ్రత్ ఉమర్ (రజి) చూపిన బాట

ఇలాంటి సమస్యకు పరిష్కారం మన చరిత్రలో ఉంది. నీరు, పచ్చిక, నిప్పు - ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని దైవప్రవక్త (సఅసం) బోధించారు. మక్కా, మదీనాల హరమ్ పరిధిలో చెట్లు నరకడం, వేటాడటం నిషిద్ధం. ఇదిగాక ప్రజాప్రయోజనం కోసం కొన్ని పచ్చిక నేలలను ప్రత్యేకంగా కాపాడే పద్ధతి కూడా ఇస్లాంలో ఉంది. దాన్ని "హిమా" అంటారు. మదీనా సమీపంలోని నఖీ మైదానాన్ని దైవప్రవక్త (సఅసం) ఆ విధంగా కేటాయించారు.

హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫత్ కాలంలో ఒక హిమాకు హునై అనే సేవకుణ్ణి కాపలా ఉంచారు. అతనికి ఆయన చేసిన హితబోధ సహీ బుఖారీలో నమోదై ఉంది. పీడితుని మొరకు భయపడమన్నారు. కొద్దిపాటి ఒంటెలు, మేకలు ఉన్న పేదలను లోపలికి రానివ్వమన్నారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, హజ్రత్ ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ వంటి సంపన్నుల మందల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండమన్నారు. వారిద్దరూ గొప్ప సహాబీలు. అయినా వారి పశువులు నశిస్తే వారికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాడి పశువులు నశిస్తే అతను పిల్లలతో సహా ఖలీఫా గుమ్మం ముందు నిలబడతాడు. ఇదీ ఆయన చూపిన కారణం.

సోదరులారా! పద్నాలుగు వందల ఏళ్ల నాటి ఈ మాటలు కొల్లేటి కోసమే చెప్పినట్లు లేవూ? ప్రకృతిని కాపాడాలి. అయితే ఆ కాపలా బలవంతుని ముందు వంగి, బలహీనుని మీద లాఠీ ఎత్తేదిగా ఉండకూడదు. పేదవాడి కడుపు కొట్టిన రక్షణ ఎంతోకాలం నిలవదు.

ముసల్లా వంటి దీవి

ఈ కాలంలో ఇదంతా సాధ్యమేనా అని సందేహించేవారు టాంజానియాలోని మిసాలీ అనే చిన్న దీవి సంగతి తెలుసుకోవాలి. హజ్రత్ ఖిజర్ అక్కడి జాలరులను ముసల్లా అడిగారనీ, వారి దగ్గర లేకపోతే ఈ దీవే ముసల్లా అన్నారనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ స్థానికులు చెప్పుకుంటారు. ఆ చుట్టుపక్కల జాలరులు అత్యధికులు ముస్లిములే. డైనమైట్ పేల్చి చేపలు పట్టే అలవాటు వల్ల సముద్రగర్భంలోని పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి. 1998లో దీవిని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చట్టం ఒక్కటే చాలదని గ్రహించి, మరుసటి ఏడాది నుంచి ఇమాముల ద్వారా ఖుర్ఆన్ బోధనల వెలుగులో జాలరులకు నచ్చజెప్పారు. కొద్దిమేర మాత్రమే వేటను పూర్తిగా నిషేధించి, మిగిలినచోట పద్ధతిగా పట్టుకోనిచ్చారు. పేదల జీవనోపాధి పోకుండానే సముద్రానికి కాపలా ఏర్పడింది.

మన వంతు

మనం కొల్లేటిలో గట్లు వేయలేదు కదా అని చేతులు దులుపుకుంటే సరిపోదు. విజయవాడ, ఏలూరు, గుడివాడ కాలువల్లో పడే మురుగు చివరకు కొల్లేటికే చేరుతుంది. బక్రీద్ నాడు ఖుర్బానీ వ్యర్థాలను కాలువలో పారేసే అలవాటు మన పేటల్లోనూ ఉంది. వాటిని గొయ్యి తీసి పూడ్చడం, లేదా మున్సిపాలిటీ బండికి అందజేయడం మన కర్తవ్యం. రుచి కోసం దొంగచాటుగా అమ్మే నీటిపక్షుల మాంసం కొనకూడదు. వాటి వేటను 1972 నాటి వన్యప్రాణి చట్టం నిషేధించింది. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయరాదని నేర్చుకున్న సమాజం మనది. జుమా ప్రసంగాల్లో ఏడాదికి ఒకటి రెండుసార్లైనా నీటి గురించి, నోరులేని జీవాల గురించి మాట్లాడాలని ఖతీబులకు నా విన్నపం.

ఇక ఆ పిల్లవాడికి నా జవాబు ఇది: "నాయనా, చేప హలాలే. కాని దాని కోసం పేదవాడి నీటిని లాక్కోవడం, వేల జీవాల గూడు చెరపడం ఫసాద్. పళ్లెంలోని ముద్ద గురించి మనం ఇక్కడ ఒకరినొకరం అడుగుకుంటాం. ఆ నీటి గురించి అల్లాహ్ అక్కడ అడుగుతాడు."

తాను అప్పగించిన అమానతును కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.