సెక్టర్ 2 నుంచి మానా దాకా: మన విమానాశ్రయం విశేషాలు

భిలాయిలో ఇంత పెద్ద ఉక్కు కర్మాగారం ఉంది, టౌన్‌షిప్ ఉంది, 2016లో మొదలైన ఐఐటీ కూడా ఉంది. ప్రయాణికుల విమానం మాత్రం ఇక్కడ దిగదు. టౌన్‌షిప్‌లోని సెక్టర్ 2 వాళ్ళు విమానం ఎక్కాలంటే జీఈ రోడ్డు పట్టుకుని 40 కిలోమీటర్లకు పైగా వెళ్ళి, రాయ్‌పూర్ దాటాక మానా చేరుకోవాలి. బోర్డు మీద పేరు స్వామి వివేకానంద విమానాశ్రయం. పాతవాళ్ళ నోట్లో ఇప్పటికీ అది మానా ఎయిర్‌పోర్టే.

భిలాయికి రన్‌వే అసలే లేదనుకుంటే పొరపాటు. కర్మాగారానికి సున్నపురాయి అందించే నందిని గనుల దగ్గర ఒక ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అది కర్మాగారాన్ని నడిపే సెయిల్ సంస్థ ఆస్తి. టికెట్ కొని ఎక్కే విమానాలు అక్కడ లేవు.

మానా విమానాశ్రయానికి వివేకానందుడి పేరు ఎందుకు పెట్టారో తెలుసా? ఆయన బాల్యంలో దాదాపు రెండేళ్ళు రాయ్‌పూర్‌లోనే గడిచాయి. 1877లో తండ్రి విశ్వనాథ దత్త పని మీద ఇక్కడికి వచ్చి, తర్వాత కుటుంబాన్ని పిలిపించుకున్నారు. అప్పటికి రాయ్‌పూర్‌కు రైలు లేదు. నాగపూర్ దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి రెండు వారాలకు పైగా ఎడ్లబండిలో అడవుల గుండా ప్రయాణం చేశారు. ఆ దారిలో కొండ చరియను పైనుంచి కిందిదాకా కప్పేసిన ఒక పెద్ద తేనెపట్టును చూసి, ఎన్నాళ్ళుగా కట్టుకుంటే ఇంత అయిందోనని ఆలోచిస్తూ ఆ కుర్రాడు బండిలోనే ఒళ్ళు మరిచిపోయాడని జీవిత చరిత్రకారులు రాశారు. 2012 జనవరి 24న విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. ఎడ్లబండిలో వచ్చిన పిల్లవాడి పేరు విమానాశ్రయానికి ఇంత చక్కగా కుదరడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

అదే ఏడాది నవంబర్ 7న కొత్త టెర్మినల్‌ను అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించారు. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయ్‌పూర్ రాజధాని కావడంతోనే ఇక్కడ విమానాల రద్దీ మొదలైంది. ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 20 లక్షల మందికి పైగా రాకపోకలు సాగిస్తున్నారు.

మానా పేరు వింటే బెంగాలీలకు గుర్తొచ్చేది విమానం కాదు, శరణార్థి శిబిరం. 1964లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళను ముందు ఇక్కడి ట్రాన్సిట్ క్యాంపులో ఉంచి, తర్వాత దండకారణ్యానికి, ఇతర చోట్లకు పంపారు. ఆ రోజుల్లో బెంగాలీ శరణార్థులు కొందరు మన కాగజ్‌నగర్ ప్రాంతానికీ వచ్చి స్థిరపడ్డారు. ఈస్‌గాం వైపు వెళితే ఇప్పటికీ ఇళ్ళల్లో బెంగాలీ వినిపిస్తుంది. ఇక్కడ రాయ్‌పూర్ విమానాశ్రయం పక్క ఊరి పేరు నేటికీ మానా క్యాంపే.

రాయ్‌పూర్‌లో ఏళ్ళ తరబడి ఆగిపోయిన విదేశీ విమానం కథ వినే ఉంటారు. 2015 ఆగస్టు 7న ఢాకా నుంచి మస్కట్ వెళుతున్న బంగ్లాదేశ్ యునైటెడ్ ఎయిర్‌వేస్ విమానానికి గాలిలో ఇంజన్ పాడైంది. పైలట్లు దాన్ని మానాలో క్షేమంగా దించారు. ఎండీ-83 రకం, లోపల 173 మంది ప్రయాణికులు. వాళ్ళను మరో విమానంలో తీసుకెళ్ళారు గానీ పాడైన విమానం ఇక్కడే ఉండిపోయింది. మరుసటి ఏడాదే ఆ సంస్థ సర్వీసులు నిలిచిపోయాయి. పార్కింగ్ అద్దె కోట్లలోకి చేరింది, ఉత్తరాల మీద ఉత్తరాలు వెళ్ళాయి, విమానం కదల్లేదు. చివరికి మిగతా విమానాలకు చోటు కావాలని 2018లో దాన్ని ఓ పక్కకు జరిపారు. ఆ పైలట్ల నైపుణ్యం గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోకపోవడం నాకు బాధ. ఒక్క ఇంజన్‌తో, అనుకోని ఊళ్ళో, అంతమంది ప్రాణాలతో దిగారు మరి.

ఇక మనవాళ్ళ సంగతి. భిలాయి తెలుగు కుటుంబాల్లో చాలామందిది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు. వాళ్ళను ఇక్కడికి తెచ్చింది రైలు. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ వచ్చే లైను 1931లో పూర్తయింది. పాతికేళ్ళు తిరక్కుండానే, 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందమై ఇక్కడ కర్మాగారం పని మొదలైంది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. సెలవు దొరికిందంటే రైలెక్కడమే అప్పటి అలవాటు, చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ అదే అలవాటు. 2024 సెప్టెంబర్ నుంచి దుర్గ్–విశాఖ వందే భారత్ కూడా వచ్చింది. సుమారు 8 గంటల ప్రయాణం. రాయ్‌పూర్, విశాఖల మధ్య గాలిలో దూరం చూస్తే 400 కిలోమీటర్లు దాటి కొంచెమే. గంట ప్రయాణం.

చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే ఉడాన్ పథకానికీ తెలుగువాళ్ళకూ మొదటి రోజు నుంచే చుట్టరికం ఉంది. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద ఎగిరిన మొదటి విమానాల్లో ఒకటి కడప–హైదరాబాద్. గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500 రూపాయలకే ఇవ్వాలన్నది అప్పటి నియమం. ఛత్తీస్‌గఢ్ వంతు 2018 జూన్ 14న వచ్చింది. జగదల్‌పూర్–రాయ్‌పూర్ విమానాన్ని ప్రధాని ప్రారంభించింది ఎక్కడనుకున్నారు? మన భిలాయి సభలోనే. విస్తరించిన కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది కూడా ఆ సభలోనే. ఎయిర్ ఒడిశా వారి 18 సీట్ల చిన్న విమానం అది, కొద్ది నెలలకే ఆగిపోయింది. 2020 సెప్టెంబర్ 21న అలయన్స్ ఎయిర్ ఏటీఆర్ విమానంతో హైదరాబాద్–జగదల్‌పూర్–రాయ్‌పూర్ మార్గం మొదలైంది. ఇలాంటి చిన్న మార్గాలు జనానికి అలవాటయ్యేలోపే మూతపడితే ఎవరూ నమ్మి టికెట్ కొనరు. కనీసం రెండు మూడేళ్ళు నిలబెట్టాలి.

రాష్ట్రంలోని మిగతా విమానాశ్రయాల సంగతికొస్తే, బిలాస్‌పూర్ విమానాశ్రయానికి పెట్టిన పేరు బిలాసా దేవి కేవట్. చేపలు పట్టే కులంలో పుట్టిన వీరవనిత, ఆ ఊరికి పేరు వచ్చింది ఆమె వల్లేనని చెబుతారు. అక్కడ 2021 మార్చి 1 నుంచి విమానాలు నడుస్తున్నాయి. అంబికాపూర్‌లో మా మహామాయా విమానాశ్రయం 2024 అక్టోబర్‌లో ప్రారంభమైంది.

ముఖం చూపించి లోపలికి వెళ్ళే డిజియాత్ర రాయ్‌పూర్‌కు వచ్చింది విశాఖ నుంచే అనవచ్చు. 2024 సెప్టెంబర్ 6న పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు విశాఖ విమానాశ్రయంలో దాన్ని ప్రారంభిస్తూ, అక్కడి నుంచే మరో ఎనిమిది విమానాశ్రయాల్లోనూ మొదలుపెట్టారు. వాటిలో రాయ్‌పూర్ ఒకటి. ఫోన్‌తో కుస్తీ పట్టలేని పెద్దవాళ్ళకు మామూలు వరుస ఎలాగూ ఉంది. నడవలేని అమ్మమ్మా తాతయ్యలకు టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చెయిర్ కావాలని చెప్పండి.

విమాన ప్రయాణానికి సర్దుకునేటప్పుడు ఎండుకొబ్బరి మాత్రం సంచిలో పెట్టకండి. చేతి సామానులోనే కాదు, చెక్-ఇన్ సామానులో కూడా కుదరదు. దానిలో నూనె ఎక్కువ. గాలి ఆడని చోట గుట్టగా ఉంటే దానంతట అదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. అందుకే విమానయాన నిబంధనల్లో కొబ్బరి కురిడీ ప్రమాదకర వస్తువుల జాబితాలో ఉంది. పెళ్ళి సామాను సర్దుకుని వెళ్ళి, స్కానర్ దగ్గర కురిడీలు తీసి పక్కన పెట్టేవాళ్ళు తక్కువేం కాదు.

సెక్టర్ 2 అయ్యప్ప గుడిలో ఇరుముడి కట్టుకునే స్వాములు ఇది తెలుసుకోవాలి. మామూలు రోజుల్లో కొబ్బరికాయను చేతి సామానుగా విమానంలోకి తీసుకెళ్ళనివ్వరు. శబరిమల యాత్రా కాలంలో మాత్రం, 2022లోనూ 2024లోనూ, ఇరుముడిలోని కొబ్బరికాయకు తనిఖీ చేసి అనుమతి ఇచ్చారు. గడువు జనవరి 20 వరకే. బయల్దేరే ముందు ఆ ఏటి ఉత్తర్వు వచ్చిందో లేదో విమాన సంస్థను అడగడం మంచిది.

భిలాయిలో విమానం దిగదు గానీ, భిలాయి ఉక్కు మీద దిగుతుంది. 2022 సెప్టెంబర్ 2న నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ కోసం సెయిల్ దాదాపు 30,000 టన్నుల ప్రత్యేక ఉక్కు ఇచ్చింది. అది భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాల్లో తయారైంది. 2023 ఫిబ్రవరిలో తేజస్, మిగ్-29కె యుద్ధ విమానాలు ఆ నౌక మీద మొదటిసారి దిగాయి. ప్లాంటులో నైట్ షిఫ్టులు చేసి రిటైరైన మన పెద్దలకు ఈ వార్త ఎవరైనా చదివి వినిపించారో లేదో!

ఇక సొంతూళ్ళ వైపు చూస్తే, విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన కొత్త విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. విశాఖ నగరంలోని విమానాశ్రయం నౌకాదళానిది, విమానాల వేళలకు అక్కడ పరిమితులుంటాయి. భోగాపురానికి ఆ ఇబ్బంది లేదు, పైగా మనవాళ్ళ సొంతూళ్ళకు అది మరింత దగ్గర. రాయ్‌పూర్ నుంచి అక్కడికి రోజూ ఒక విమానం కావాలని భిలాయి తెలుగు సంఘాలు ఇప్పుడే అర్జీ పెట్టాలి.