పెంటకుప్ప జరిమానా చెప్పిన ఇల్లు

1552 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్ అనే ఊళ్లో జాన్ షేక్‌స్పియర్‌కు ఒక షిల్లింగు జరిమానా పడింది. హెన్లీ వీధిలో పెంటకుప్ప పెట్టాడన్నది నేరం. తోలుతో చేతితొడుగులు కుట్టి అమ్మే ఈ జాన్ ఆ వీధిలో ఉండేవాడని చెప్పే మొదటి ఆధారం ఆ జరిమానా పద్దే. పన్నెండేళ్లకు ఆయనకు విలియం పుట్టాడు. 1564 ఏప్రిల్ 26న బాప్తిజం ఇచ్చినట్టు చర్చి రిజిస్టరులో ఉంది. షేక్‌స్పియర్ పుట్టిల్లు హెన్లీ వీధిలోనిదేనని ఇవాళ లోకం నమ్ముతోందంటే ఇలాంటి కాగితాలు బతికి ఉండబట్టే.

నేను పరిషత్తు నాటకాల్లో వేషాలు వేస్తూ పెరిగినవాణ్ణి. మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది కాబట్టి స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆ ఇల్లు చూసే భాగ్యం కలిగింది. ఓక్ దూలాల మధ్య తడికలు అల్లి మట్టి మెత్తిన గోడలవి. ఒక పాత కిటికీ అద్దం నిండా చూడవచ్చినవాళ్లు గీకిన పేర్లే. వాల్టర్ స్కాట్, కార్లైల్, నటుడు హెన్రీ ఇర్వింగ్, నటి ఎలెన్ టెర్రీ పేర్లు అందులో ఉన్నాయి. తోటలో మన రవీంద్రనాథ్ టాగూర్ విగ్రహం చూసి చేతులు జోడించాను.

ఆ ఇల్లు దానంతటది నిలవలేదు. షేక్‌స్పియర్ మనవరాలి తర్వాత అది ఆయన చెల్లెలు జోన్ హార్ట్ వంశానికి చేరింది. ఒక భాగం సత్రమైంది, మరో భాగంలో మాంసం కొట్టు వెలిసింది. 1786లో వచ్చిన జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ అంతటివాళ్లు షేక్‌స్పియర్ కూర్చున్నదని చూపించిన కుర్చీలోంచి ఒక పేడు కోసుకున్నారు. అది అక్కడి ఆనవాయితీ అని ఆడమ్సే రాసుకున్నాడు. అంత అభిమానంతో వచ్చినవాళ్లే తలా ఒక ముక్క పట్టుకుపోతే ఏ వస్తువు మిగులుతుంది? ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు, ఆ ఇంట్లో అద్దెకుంటూ వచ్చినవాళ్లకు దాన్ని చూపించి బతికిన మేరీ హార్న్‌బీ అనే ఆవిడను ఖాళీ చేయించారు. ఆవిడ కోపంతో చూడవచ్చినవాళ్లు గోడల మీద చేసిన సంతకాలన్నిటికీ సున్నం కొట్టేసి వెళ్లిపోయింది.

1847లో ఇల్లు వేలానికి వచ్చింది. అమెరికా ప్రదర్శనల వ్యాపారి బార్నమ్ దాన్ని కొని, విప్పి, ఓడల్లో వేసుకుపోతాడన్న మాట పుట్టింది. దాంతో దేశం కదిలింది. చందాలు పోగయ్యాయి. 3,000 పౌండ్లకు ఒక కమిటీ ఇంటిని ప్రజల తరఫున కొన్నది. మరుసటి ఏడాది చార్లెస్ డికెన్స్ తన మిత్రులతో నాటక బృందం కట్టి ఊరూరా ప్రదర్శనలు ఇచ్చాడు. ఇంటి సంరక్షకుడికి జీతం ఏర్పాటు చేయాలని ఆయన తలంపు. అంత పేరున్న నవలాకారుడు షేక్‌స్పియర్ నాటకంలోని షాలో వేషం కట్టి స్టేజీ ఎక్కాడు! నాటకకర్త ఇంటికోసం నాటకం ఆడటం నాకు ఎంతో నచ్చిన సంగతి. తర్వాత నిప్పు భయంతో పక్క ఇళ్లు తీసేసి పుట్టింటిని విడిగా నిలబెట్టారు. 1891లో పార్లమెంటు చట్టంతో ఆ ఇంటిని చూసుకునే షేక్‌స్పియర్ బర్త్‌ప్లేస్ ట్రస్టుకు చట్టబద్ధత వచ్చింది. ఆ మరుసటి ఏడే షేక్‌స్పియర్ భార్య ఆన్ హాథవే పుట్టింటిని ట్రస్టు కొన్నది. 1969లో దాని గడ్డికప్పు అంటుకుంటే బాగు చేయించి నిలబెట్టారు.

కాపాడేవాళ్లు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే అదే ఊళ్లో న్యూ ప్లేస్ ఉంది. షేక్‌స్పియర్ 1597లో కొనుక్కుని, 1616లో కన్నుమూసిన ఇల్లు. తర్వాతి కాలపు యజమాని గాస్ట్రెల్ అనే మతాచార్యుడు చూడవచ్చేవాళ్ల బెడద పడలేక పెరట్లో మల్బరీ చెట్టు కొట్టించాడు. ఊరివాళ్లతో పన్నుల తగాదా ముదిరి, 1759లో అక్కడున్న ఇల్లే కూల్చేశాడు. ఇప్పుడక్కడ తోట ఉంది.

నా మట్టుకు ఆ ట్రస్టు మీద అన్నిటికంటే గౌరవం కలిగించింది విల్మ్‌కోట్ గ్రామంలో జరిగింది. షేక్‌స్పియర్ తల్లి మేరీ ఆర్డెన్ ఇల్లని ఒక అందమైన పాత ఇంటిని 1930లో ట్రస్టు కొన్నది. దశాబ్దాల పాటు జనం దాన్నే చూసి మురిసిపోయారు. 2000లో పాత దస్తావేజులు పరిశీలిస్తే అసలు ఇల్లు అది కాదని, పక్కనున్న గ్లీబ్ ఫామ్ అని తేలింది. పాత ఇంటికి ఉన్న పేరు తీసి పామర్స్ ఫామ్ అని పెట్టారు. పోస్టుకార్డులు, బోర్డులు, పుస్తకాలు అన్నీ మార్చుకోవలసి వచ్చినా నిజాన్ని దాచలేదు. అదృష్టం కొద్దీ, ఆ రెండో ఇల్లు కూడా అప్పటికే ట్రస్టు చేతిలో ఉంది.

దస్తావేజులకు అంత విలువ ఉందని తెలిసినవాళ్లు కనుకనే ట్రస్టు భాండాగారంలో కాగితాలను ఇళ్లతో సమానంగా చూసుకుంటారు. అక్కడ 1598 నాటి ఒక ఉత్తరం ఉంది. రిచర్డ్ క్వైనీ అనే ఊరివాడు షేక్‌స్పియర్‌ను 30 పౌండ్లు అప్పు అడుగుతూ రాశాడు. అది షేక్‌స్పియర్‌కు అందలేదేమో, క్వైనీ కాగితాల్లోనే దొరికింది. షేక్‌స్పియర్‌కు ఎవరైనా రాసిన ఉత్తరాల్లో మిగిలింది అదొక్కటే. ఆయన స్వయంగా రాసిన ఉత్తరం ఒక్కటీ లేదు.

షేక్‌స్పియర్ మనకూ పరాయివాడు కాదు. 19వ శతాబ్దంలోనే వావిలాల వాసుదేవశాస్త్రి ‘సీజరు చరిత్రము’, కందుకూరి ‘చమత్కార రత్నావళి’ తెలుగులోకి వచ్చాయి. కాపాడుకున్న ఇళ్లు, కాగితాలు మనకూ ఉన్నాయి. విజయనగరంలో గురజాడ ఇల్లు ఉంది. ఆయన డైరీలు, ఉత్తరాలు అవసరాల సూర్యారావు వంటి వారు శ్రద్ధగా వెలికి తీసి అచ్చు వేయించబట్టే ‘కన్యాశుల్కం’ వెనకనున్న మనిషి మనకు ఇంతగా తెలిశాడు.

పద్యనాటకాల కాలపు నటుల ఇళ్లలో కరపత్రాలు, ఒప్పందాలు, దిద్దుబాట్లున్న నాటకం ప్రతులు, ఆహార్యం ఖర్చు రాసిన చిట్టాలు ట్రంకు పెట్టెల్లో ఇంకా ఉండి ఉంటాయి. మీ తాతగారో, మేనమామో నాటకాలు ఆడి ఉంటే ఆ పెట్టె తెరిచి చూడండి. కాగితాలు తూకానికి వేయకండి. ఏ ఊళ్లో, ఏ ఏడు, ఎవరు ఏ వేషం కట్టారో తెలిసినంతవరకు రాసి, ఫొటోలు తీసి, దగ్గర్లోని గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో అప్పగించండి.