బాలల అశ్మరీ చికిత్స: సుశ్రుతుని సూత్రం – నేటి వైద్యవిధానం

1. ఉపోద్ఘాతం

మూత్రమార్గంలో ఏర్పడే రాయిని ఆయుర్వేదం ‘అశ్మరి’ అన్నది. సుశ్రుతసంహితలో నిదానస్థానం మూడవ అధ్యాయం ఈ వ్యాధి స్వరూపాన్ని, చికిత్సాస్థానం ఏడవ అధ్యాయం చికిత్సను వివరిస్తాయి. బాలల అశ్మరి విషయంలో రాయిని తొలగించడంతోనే చికిత్స ముగుస్తుందా అన్న ప్రశ్నను ఆ గ్రంథం, నేటి వైద్యం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సుశ్రుతుని వివరణ

సుశ్రుతుడు అశ్మరిని నాలుగు విధాలుగా విభజించాడు. వాత, పిత్త, కఫ దోషాల వల్ల కలిగేవి ఎక్కువగా బాలలకు వస్తాయని, శుక్రాశ్మరి పెద్దవారికి వస్తుందని చెప్పాడు. పగటినిద్ర, తిన్నది అరగకముందే మళ్ళీ తినడం, తీపి, గురుపదార్థాలపై మక్కువ ఇందుకు కారణాలన్నాడు. బాలల మూత్రాశయం చిన్నది, చుట్టూ కండ పలుచన కనుక రాయిని పట్టుకొని తీయడం సులభమని కూడా గుర్తించాడు.

అయినా శస్త్రకర్మ ఆయన మొదటి మార్గం కాదు. లేత దశలో ఔషధాలు, ముదిరినప్పుడే శస్త్రం. చికిత్స చేయకపోతే మరణం తప్పదు, చేస్తే ఫలితం సందేహాస్పదం కనుక ప్రభువు అనుమతి తీసుకోవాలన్నాడు. గుదంలోకి వేళ్ళు చొప్పించి రాయిని కిందికి తెచ్చి, సేవనికి ఎడమవైపున యవగింజంత దూరం విడిచి, రాయి పరిమాణానికి తగినట్లు కోయాలి. రాయి పగలకుండా చూడాలి. కొద్దిపాటి పొడి మిగిలినా మళ్ళీ పెరుగుతుంది కనుక, కొన వంగిన పరికరంతో మొత్తం తీయాలి.

3. మారిన వ్యాధి స్వరూపం

ఇక్కడ వర్ణితమైనది మూత్రాశయంలోని రాయి. ఇంగ్లండులోని నార్ఫోక్, ఈశాన్య థాయిలాండ్, భారతదేశంలోని కొన్ని ప్రాంతాలలో ఇది ఒకప్పుడు పేద పిల్లల వ్యాధి. పాలు, మాంసకృత్తులు కొరవడి ధాన్యంపైనే ఆధారపడిన ఆహారం, అతిసారం వల్ల శరీరంలో నీరు తగ్గడం దీనికి కారణాలని ఆధునిక వైద్యం గుర్తించింది. సుశ్రుతుడు అతిభోజనాన్ని చూసినచోట నేటి వైద్యం పోషకాహారలోపాన్ని చూస్తున్నది. ఆహారం మెరుగుపడినచోట ఈ వ్యాధి తగ్గింది. మూత్రపిండాలలో, మూత్రనాళాలలో ఏర్పడే రాళ్ళు ప్రధాన సమస్య అయ్యాయి.

4. నేటి చికిత్స

పిల్లలకు రేడియేషన్ తగలకుండా మొదట అల్ట్రాసౌండ్ పరీక్ష చేస్తారు. చిన్న రాయి తనంతట తాను బయటికి వచ్చే అవకాశం ఉంటే, నొప్పిని నియంత్రిస్తూ వేచి చూస్తారు. మూత్రం అడ్డుపడి ఇన్ఫెక్షన్ కూడా ఉంటే అది అత్యవసర స్థితి. ముందు మూత్రానికి దారి కల్పించాలి.

శరీరం వెలుపలినుండి తరంగాలతో రాయిని పగలగొట్టే లిథోట్రిప్సీని 1980లో మ్యూనిక్‌లో తొలిసారి రోగిపై ప్రయోగించారు. తరువాత పిల్లలకూ విస్తరించారు. మూత్రనాళంలోని రాళ్ళకు సన్నని యురెటెరోస్కోపు, మూత్రపిండంలోని పెద్ద రాళ్ళకు వీపు వైపునుండి చిన్న రంధ్రం ద్వారా చేసే శస్త్రచికిత్స ఉపయోగపడతాయి.

పగలకూడదని సుశ్రుతుడు హెచ్చరించిన రాయిని నేటి వైద్యుడు పగలగొడుతున్నాడు. కానీ ఆ హెచ్చరికలోని హేతువు చెల్లిపోలేదు. మిగిలిన ముక్కలు పిల్లలలో మళ్ళీ పెరిగే ప్రమాదం ఉన్నందున వాటిని ఉపేక్షించరు.

5. కారణాన్వేషణ

బాల్యంలో రాయి ఏర్పడితే జీవక్రియాదోషం ఉన్నదేమో పరిశీలించాలి. సేకరించిన రాయిని, 24 గంటల మూత్రంలోని కాల్షియం, ఆక్సలేట్, సిట్రేట్, సిస్టీన్ పరిమాణాలను పరీక్షిస్తారు. సిస్టీన్యూరియా, ప్రాథమిక హైపరాక్సలూరియా వంశపారంపర్య వ్యాధులు. రెండవదాన్ని గుర్తించకపోతే మూత్రపిండాలు విఫలం కావచ్చు. దానిలోని మొదటి రకానికి లుమాసిరాన్ అనే ఔషధం 2020లో ఆమోదం పొందింది.

తగినంత నీరు తాగడం, ఉప్పు తగ్గించడం అందరికీ వర్తించే జాగ్రత్తలు. రాయిలో కాల్షియం ఉన్నదని పాలు మాన్పించడం పొరపాటు. ఎదిగే ఎముకలకు కాల్షియం అవసరం. పైగా ఆహారంలో కాల్షియం తగ్గితే పేగులు ఆక్సలేటును ఎక్కువగా గ్రహిస్తాయి.

6. ముగింపు

సాధనాలు మారినా, అవశేషాన్ని విడువరాదన్న సుశ్రుతుని సూత్రం నిలిచింది. నేటి వైద్యం దానికి కారణాన్వేషణను జోడించింది. బాలుని మూత్రపిండం ఇంకా అనేక దశాబ్దాలు పనిచేయాలి. అందువల్ల రాయిని తీయడం చికిత్సకు ప్రారంభం మాత్రమే. మరొక రాయి ఏర్పడకుండా చూడడమే దాని పరమార్థం.