గుండెకు కావలి

2021వ సంవత్సరము జూన్ 12వ తేదీ. డెన్మార్కు దేశపు రాజధానియగు కోపెన్‌హాగెన్ నగరమున డెన్మార్కు, ఫిన్లండు జట్ల నడుమ ఫుట్‌బాల్ పోటీ జరుగుచుండెను. మొదటి అర్ధభాగము ముగియవచ్చెను. డెన్మార్కు ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ తనవైపు వచ్చిన బంతిని అందుకొనబోయి, ఎవరును తాకకుండగనే నేలపై కూలిపోయెను. అప్పటికి అతని వయస్సు 29 సంవత్సరములు.

జట్టు నాయకుడు సిమోన్ కేర్ పరుగున వచ్చెను. వైద్యులు వచ్చి అతని ఱొమ్మును లయబద్ధముగా అదుముట ప్రారంభించిరి. తోటి ఆటగాండ్రు కన్నీరు తుడుచుకొనుచు, ఇతరుల చూపు పడకుండ అతని చుట్టు గోడవలె నిలిచిరి. ఒక యంత్రముతో విద్యుత్తును ప్రసరింపజేయగా ఆగిన గుండె మరల కొట్టుకొనసాగెను. ఎరిక్సన్‌కు స్పృహ వచ్చెను. కొంతసేపటికి ఫిన్లండు అభిమానులు "క్రిస్టియన్" అనియు, డెన్మార్కు అభిమానులు "ఎరిక్సన్" అనియు మార్చి మార్చి నినదించిరి. ఆ నినాదములందు గెలుపోటముల తలంపు లేదు.

ఎరిక్సన్‌కు కలిగిన విపత్తును హృదయస్తంభనమందురు. లోకులు దీనిని తరచుగా గుండెపోటని వ్యవహరింతురు గాని, రెండును ఒకటి కావు. గుండెపోటునందు గుండెకండరమునకు రక్తము గొనిపోవు నాళము పూడుకొనును. రోగికి నొప్పి, చెమట కలుగును. కాని సాధారణముగా తెలివియుండును. హృదయస్తంభనమునందు గుండె పనియే నిలిచిపోవును. మనుష్యుడు కొన్ని క్షణములలో స్పృహ తప్పును. చేనికి నీరు పారు కాలువ పూడుట ఒకటి, నీరు తోడు యంత్రమే ఆగుట మరియొకటి. అయినను మొదటిది రెండవదానికి దారితీయవచ్చును.

గుండె పిడికిలియంత అవయవము. అది దినమునకు రమారమి లక్షసార్లు కొట్టుకొనును. దాని కుడివైపు పైగదిలో నున్న ఒక చిన్న కణసముదాయము సూక్ష్మమైన విద్యుత్ప్రేరణలను పుట్టించుచుండును. ఆ ప్రేరణ క్రమముగా వ్యాపించి కండరము లయబద్ధముగా ముడుచుకొనునట్లు చేయును. పడవలోని వారందరు ఒకే పదమునకు తెడ్లు వేసినచో పడవ సాగును. ఎవరికి తోచినట్లు వారు వేసినచో ఉన్నచోటనే ఊగులాడును. అట్లే ఒక్కొక్కప్పుడు ఈ క్రమము చెడి గుండె క్రిందిగదులు వట్టిగా వణకుచుండును. రక్తము ముందునకు సాగదు. బలమైన విద్యుత్తు నొక్కమారు ప్రసరింపజేసి ఆ కల్లోలమును అణచినచో, సహజమైన లయ మరల ఆరంభము కావచ్చును. అయితే ఆలస్యము కూడదు. కొలది నిమిషములలోనే మెదడు చెడిపోవును.

పూర్వము గుండెపోటు వచ్చి కండరము దెబ్బతినినవారికి, గుండె గోడలు దళసరియైనవారికి, వంశపారంపర్యముగా లయదోషము గలవారికి ఈ ముప్పు హెచ్చు. వీరిలో కొందరు పైకి సంపూర్ణారోగ్యవంతులవలె కనిపింతురు. పరుగిడునప్పుడో, ఆడునప్పుడో మూర్ఛపోవుట, కుటుంబమున చిన్నవయస్సువారు హఠాత్తుగా మరణించియుండుట దీనికి సూచనలు. అట్టివారిని "నీరసము" అని ఉపేక్షింపక వైద్యునికి చూపవలెను.

ముప్పు ఉన్నదని తెలిసినవారు ఎట్లు జీవింపవలెను? ఈ ప్రశ్నయే ఒక వైద్యుని జీవితమును మార్చివేసెను. ఆయన పేరు మిషెల్ మిరోవ్‌స్కీ. ఆయన 1924లో పోలండు దేశమున వార్సా నగరమందు జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున బాలుడుగానే ఇల్లు విడిచి పారిపోయెను. కుటుంబమునందు ఆయన యొక్కడే బ్రతికి బయటపడెను. పిమ్మట ఫ్రాన్సులో వైద్యవిద్య నభ్యసించి, ఇజ్రాయెలులో హ్యారీ హెల్లర్ అను పెద్ద వైద్యుని కడ పనిచేసెను. హెల్లర్‌కు గుండె లయ తప్పు వ్యాధి కలిగెను. అది యెప్పుడు ముంచుకొనివచ్చునో తెలియదు. ప్రాణము నిలుపు విద్యుద్యంత్రము ఆసుపత్రిలో నుండెను. కాని మనుష్యుడు జీవితాంతము ఆసుపత్రి మంచమును పట్టుకొని యుండగలడా? 1966లో హెల్లర్ మరణించెను.

గురువు మరణము మిరోవ్‌స్కీ మనస్సును కలచివేసెను. రోగిని యంత్రమువద్ద ఉంచుటకు మారుగా యంత్రమునే రోగి శరీరములో ఉంచిన నేమి అని ఆయన ఆలోచించెను. ఆనాటి యంత్రములు పెట్టెలంతేసి యుండెను. వానిని అరచేతిలో ఇముడునట్లు చేయుట అసాధ్యమని పలువురు నిపుణులు పలికిరి. 1968లో ఆయన అమెరికాలోని బాల్టిమోరు నగరమునకు వెళ్లి, మోర్టన్ మోవర్ అను వైద్యునితో కలసి ప్రయోగములు సాగించెను. 1972లో ప్రసిద్ధులైన హృద్రోగవైద్యులు వైద్యపత్రికయందు వారి యత్నమును బాహాటముగా విమర్శించిరి. అయినను వారు వెనుదీయలేదు.

ఒక కుక్క శరీరములో పరికరమునమర్చి, ఆ దృశ్యమును చలనచిత్రముగా తీసిరి. గుండె లయ తప్పగనే కుక్క కూలిపోవును. పరికరము విద్యుత్తును విడుచును. కుక్క లేచి తోక ఆడించును. దానిని చూచిన కొందరు, కుక్కకు పడి లేచుట నేర్పియుందురని శంకించిరి. అంతట వారు కుక్క గుండె నడకను తెలుపు రేఖాచిత్రమును గూడ చిత్రమునందు చూపిరి. ఆ శంకకు తావు లేకపోయెను.

1980 ఫిబ్రవరి 4వ తేదీన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో లీవై వాట్కిన్స్ అను శస్త్రవైద్యుడు ఆ పరికరమును తొలిసారిగా మానవశరీరమున అమర్చెను. అది దాదాపు పావుకిలో బరువుండెను. 1985లో అమెరికా ప్రభుత్వము దానిని ఆమోదించెను. నేటి పరికరములు 100 గ్రాములకు లోపుగనే యుండును. మెడయెముక దిగువ చర్మము క్రింద దానిని ఉంచి, సన్నని తీగను నరముద్వారా గుండెలోనికి పంపుదురు. అది రేయింబవళ్లు గుండె నడకను గమనించుచు, లయ తప్పినప్పుడు మాత్రమే పనిచేయును.

దానిని ధరించినవారు బడికి పోవచ్చును, ఉద్యోగము చేయవచ్చును, పిల్లలను ఎత్తుకొనవచ్చును. అయితే కొన్ని నియమములు తప్పవు. సెల్‌ఫోనును ఱొమ్ముపై జేబులో ఉంచరాదు. బలమైన అయస్కాంతములకు దూరముగా మెలగవలెను. పరికరమును తెలుపు కార్డును వెంట నుంచుకొనవలెను. కాలానుసారముగా పరీక్ష చేయించుకొనవలెను. బ్యాటరీ కొన్నియేండ్లకు తరిగిపోగా పరికరమును మార్చవలెను. అది విద్యుత్తును విడుచునప్పుడు ఎవరో ఱొమ్ముపై బలముగా తన్నినట్లు తోచును. అరుదుగా అనవసరముగ గూడ విడుచును. ఆ భయముతో కొందరు ఇల్లు కదలుటకే జంకుదురు. వైద్యుని ఉపదేశము, కుటుంబమువారి ఆదరణ ఈ భయమును తగ్గించును.

ఎరిక్సన్‌కును ఇట్టి పరికరమునే అమర్చిరి. దానిని ధరించినవారు పోటీలలో ఆడరాదని ఇటలీలో నియమముండుటచే ఆతడు ఆ దేశపు జట్టును వీడవలసివచ్చెను. 2022 ఫిబ్రవరిలో ఇంగ్లండు జట్టొకదానిలో ఆట మరల మొదలిడెను. మార్చి 26వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్ నగరమున డెన్మార్కు పక్షమున ఆడుటకు దిగి, రెండు నిమిషములలోపుగనే గోలు చేసెను. మూడు దినముల తరువాత, తాను కూలిపోయిన మైదానముననే జట్టు నాయకుడై ఆడి మరియొక గోలు చేసెను. అందరికిని ఇట్లు ఆడుట తగదు. ఎవరికెంత శ్రమ తగునో వైద్యుడే నిర్ణయింపవలెను.

అయితే ఎరిక్సన్ పడిపోయిన నాడు అతని శరీరములో పరికరము లేదు. చుట్టునున్నవారే అతనికి కావలియైరి. ఎవడైన హఠాత్తుగా పడిపోయి, పిలిచినను పలుకక, సరిగా ఊపిరి తీయకున్నచో వెంటనే 108కి ఫోను చేయింపవలెను. ఱొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై నొకటి మోపి, పెద్దవారికైనచో 5 సెంటీమీటర్లకు తగ్గని లోతున, నిమిషమునకు 100 నుండి 120 సార్లు అదుముచు, సాయము వచ్చువరకు మానరాదు. విద్యుద్యంత్రము లభించినచో అది చెప్పునట్లు చేయవలెను.

మిరోవ్‌స్కీ 1990లో మరణించెను. అప్పటినుండి లోకమున లక్షలాది జనులు ఆయన తలపెట్టిన పరికరముతో జీవించిరి. తన గురువును రక్షింపలేకపోయిన శిష్యుడు, తాను ఎరుగని ఎందరి యిండ్లలోనో దీపము నిలిపెను.