వైద్యుని కూతురు

గౌతమీ వసిష్ఠలకును సముద్రమునకును నడుమనున్నది కోనసీమ. వంతెనలు లేని దినములలో ఇచ్చటి రోగి వైద్యుని చేరవలెనన్న రేవున పడవకై కాచుకొనవలసినదే. అమలాపురము, రాజోలు, కొత్తపేట వంటి ఊళ్లలో వైద్యుని యిల్లే ఆసుపత్రి. వీధియరుగే రోగులు కూర్చుండు తావు.

ఆ యింట పుట్టిన ఆడపిల్లకు అక్షరములకంటె ముందు మందుల వాసన పరిచయమగుచుండెడిది. మిక్స్చరు సీసాకు మోతాదుల గుర్తుగా నంటించు కాగితపు పట్టీని గంట్లు పెట్టి కత్తిరించుట ఆమెకు ఆట. ఫీజునకు మారుగా కొబ్బరికాయలో అరటిగెలయో తెచ్చినవారిని తండ్రి మరలింపకుండుట ఆమె మొదటి నీతిపాఠము. అర్ధరాత్రి ఎవరైన తలుపు తట్టినచో లాంతరు వెలిగించి యిచ్చు చేయి ఆమెదే.

ఇంతకు మించిన పని వేరొకటి కలదు. పరపురుషునితో దేహబాధ చెప్పుకొనజాలని స్త్రీలు దొడ్డిగుమ్మమున వచ్చి తల్లితోను, ఆమెతోను చెప్పుకొనెడివారు. ఆ మాటలను తండ్రికిని, తండ్రి ప్రశ్నలను వారికిని చేరవేయుచు పండ్రెండేండ్లకే ఆమె సగము వైద్యమెరిగెడిది. అంతలో పెండ్లి, వైద్యకళాశాలకు పోయెడివాడు తమ్ముడు. మద్రాసు వైద్యకళాశాల 1875లోనే స్త్రీలను చేర్చుకొనెను. విశాఖపట్టణమున 1923లో వైద్యకళాశాల వెలసెను. కళాశాల తలుపు తెరచియేయున్నను మన యింటి తలుపు మూసియుండెను.

అందువలన కలుగు నష్టమెట్టిదో తమిళదేశమునందలి తిండివనమున జరిగిన యొక సంగతి తెలుపును. 1890 దాటిన తొలియేండ్లలో నొకనాటి రాత్రి, అచ్చటి మిషనరీ వైద్యుని కుమార్తె ఐడా స్కడ్డరు కడకు మువ్వురు భర్తలు వేరువేరుగా వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను కాపాడుమని వేడిరి. ఆమె వైద్యమెరుగదు. ఎరిగిన తండ్రిని పంపుదుననగా వారొప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ఆ మువ్వురు స్త్రీలును మరణించిరి. ఆమె అమెరికాకేగి వైద్యము చదివి 1900లో మరలివచ్చెను. 1918లో వెల్లూరున స్త్రీలకొక వైద్యపాఠశాల నెలకొల్పెను.

నేడు కోనసీమ బాలికలు వైద్యము చదువుచున్నారు. అమలాపురముననే వైద్యకళాశాల కలదు. పెక్కు రేవులకు వంతెనలు వచ్చినవి. అయినను చదివిన కూతురు ఎచ్చట వైద్యము చేయవలెనో అల్లుని ఉద్యోగమే నిర్ణయించుచున్నది. ఆమె నగరమునకేగి, తండ్రి యరుగు బోసిపోయినచో, దొడ్డిగుమ్మమున నిలిచిన స్త్రీ తన బాధను ఎవరితో చెప్పుకొనును? కూతురి చదువునకు పొలమమ్ముటకు వెనుదీయని పెద్దలు, ఆమె స్వగ్రామమున వైద్యము చేయుటకు గదియు, తోడును, గౌరవమును సమకూర్చుటకును పూనుకొనవలెను. పసుపుకుంకుమల క్రింద నిచ్చు భూమిలో నాలుగు సెంట్లు వైద్యశాలకై ఆమె పేర వ్రాయుట మన భూస్వాములకు అసాధ్యము కాదు.