పాయింట్లు సెకన్లుగా మారే ఆట

నార్డిక్ కంబైన్డ్ పరుగులో అందరూ ఒకేసారి ఎందుకు బయలుదేరరు?

ఈ ఆటలో ఒక్కరే రెండు పనులు చేయాలి. ముందు స్కీలతో ఎత్తు నుంచి గాల్లోకి దూకాలి. తర్వాత మంచులో, మామూలుగా 10 కిలోమీటర్లు, స్కీల మీదే పరుగు తీయాలి. దూకడానికి ఒళ్లు తేలిగ్గా ఉండాలి; పరుగుకేమో కండా దమ్మూ కావాలి. చిక్కంతా అక్కడే!

మరి దూకిన దూరాన్నీ పరుగు సమయాన్నీ కలిపి లెక్కేసేదెలా? ఒకప్పుడు రెండింటికీ పాయింట్లు వేసి కూడేవారు. ఎవరు గెలిచారో చూసేవాళ్లకు వెంటనే తెలిసేది కాదు. 1980లలో నార్వేవాసి గుండర్ గుండర్సన్ పద్ధతి వచ్చింది: జంప్ పాయింట్లనే సెకన్లుగా మార్చేయడం. 10 కిలోమీటర్ల పోటీలో 15 పాయింట్లంటే ఒక నిమిషం. నీకన్నా నాకు 30 పాయింట్లు ఎక్కువొస్తే, నేను వెళ్లిన 2 నిమిషాలకు గానీ నిన్ను వదలరు. ఇక తరుముకో! ముందుగా గీత దాటినవాళ్లదే గెలుపు.

ప్రపంచకప్ సీజన్ చలికాలమంతా సాగుతుంది. ఫిన్లాండ్‌లోని రూకాలో నవంబరు చివర మొదలై మార్చిదాకా ఊరూరా తిరుగుతుంది. ఒక్కో గెలుపుకు 100 పాయింట్లు. చివరికి మొత్తం ఎక్కువున్నవారే చాంపియన్. నార్వే ఆటగాడు యార్ల్ మాగ్నుస్ రీబర్ అలా 5 సార్లు నెగ్గాడు. మగవాళ్ల ప్రపంచకప్ 1983-84లోనే మొదలైతే, ఆడవాళ్లది 2020 డిసెంబరులో గానీ మొదలుకాలేదు. 2026 ఒలింపిక్స్‌లోనూ వాళ్లకు చోటివ్వలేదు.