సైకిళ్లపై పల్లెదారులలో

స్త్రీలు గుంపుగా సైకిళ్లపై పల్లెలు చూడఁబోవుట వింతగాఁ దోఁచునేమో. తమిళదేశమున పుదుక్కోట్టై జిల్లాలో 1991వ సంవత్సరమున నారంభమైన అక్షరాస్యతోద్యమమువలన వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు త్రొక్క నేర్చి, నీటికిని అంగడికిని ఒరులపై నాధారపడుట మానిరి.

మేమెనమండ్రము ఈ వైశాఖమున ముస్తాబాదునుండి గంభీరావుపేట మీఁదుగా నర్మాలకడ ఎగువ మానేరు జలాశయమునకుఁ బోయితిమి. వేకువనే బయలుదేఱి, యెండ ముదురకమున్నే చేరితిమి. ఇట్టి యాత్రకు మంచినీరు, మజ్జిగ, గాలిపంపు వెంట నుండవలెను. చీరకుచ్చెళ్లు గొలుసునఁ జిక్కకుండ బిగించుకొనవలెను. వెనుకఁబడినవారికై ముందువా రాగవలెను.

దారిలో బాలికలు మమ్ముఁ జుట్టుకొని, "మాకు గూడ నేర్పుతరా అక్కా?" యని యడిగిరి. పాఠశాల దూరమని కూఁతుల చదువు మాన్పించు తల్లులారా! ఆ దూరమును సైకిలు తగ్గించును, వారికి నేర్పింపుఁడు.